ఘరకు జిబా

నవంబర్ 9, 2024, శనివారం. ఎడిసన్, న్యూజెర్సీ

పెట్టెలు మూడుసార్లు తూచాం. ఒకదాని నిండా మా బట్టలు. రెండోదాంట్లో సగం కాగితాలు, సగం ఐదేళ్ల పిల్లాడి బట్టలు. వాడి కొలతలు మాకు కాగితం మీద తప్ప తెలీవు. సెప్టెంబరు నాటి వైద్య నివేదికలో ఎత్తు 98 సెంటీమీటర్లని ఉంది. అది పట్టుకుని షాపుకెళ్తే అక్కడి అమ్మాయి, మీ బాబు సన్నగా ఉంటాడా బొద్దుగా ఉంటాడా అని అడిగింది. తెలీదన్నాను. నన్ను వింతగా చూసింది. చివరికి నాలుగో సైజువి మూడు జతలు, ఐదో సైజువి మూడు జతలు తీసుకున్నాను.

నాది నల్లగొండ, మా ఆయనది ఇచ్ఛాపురం. ఇద్దరం ఇప్పుడు అమెరికా పౌరులం. భారత మూలాలున్న విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డులున్నా, పుట్టిన దేశం నుంచే పిల్లాణ్ని తెచ్చుకుంటున్నా, లెక్క ప్రకారం మాది దేశాంతర దత్తతే. 2021లో పేర్లు నమోదు చేసుకునేనాటికి మా ఇద్దరి వయసూ కలిపితే 92. కలిపి 90 దాటితే నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఇవ్వరు. "ఉయ్యాల ఖర్చు తప్పింది" అన్నాడు మా ఆయన. నాకు నవ్వు రాలేదు.

ఈ జనవరిలో, దేశం మొత్తానికి దత్తతలు చూసే కారా నుంచి ఒక ఫొటో వచ్చింది. కటక్‌లో ఒక శిశుగృహంలో ఉన్న బాబు. అక్కడి నుంచి పది నెలలు కాగితాలతోనే కాపురం. అమెరికా ఇమ్మిగ్రేషన్ వాళ్ల ఐ-800 ఆమోదం, ఢిల్లీలోని రాయబార కార్యాలయం నుంచి ఆర్టికల్ 5 ఉత్తరం, కారా నిరభ్యంతర పత్రం, జిల్లా మేజిస్ట్రేట్ దత్తత ఉత్తర్వు. 2022 సెప్టెంబరుకు ముందైతే ఈ ఉత్తర్వు కోసం కోర్టుకెక్కాల్సి వచ్చేది. ఆ తర్వాత కొత్త జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు.

అన్నీ అయిపోయాయనుకుంటుంటే పాస్‌పోర్టు స్కాన్ వచ్చింది. ఇంటిపేరు గడి ఖాళీ! పేరూ ఇంటిపేరూ కలిపి ఒకే గడిలో కొట్టేశారు. మన తెలుగువాళ్లకు ఈ తిప్పలు కొత్తేమీ కాదు. ఆ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరైపోతుంది, సొంత పేరుండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. పేరు తెలియదు అని దానర్థం. పాతికేళ్ల కిందట మా ఆయన అమెరికాలో దిగింది ఆ పేరుతోనే. ఏడాదిపాటు బ్యాంకు ఉత్తరాలన్నీ 'డియర్ ఫ్నూ' అని వచ్చేవట. వీడికి మాత్రం ఆ పేరొద్దని పట్టుబట్టి పాస్‌పోర్టు మళ్లీ చేయించాం. మూడు వారాలు పోయాయి, టికెట్లు మార్చిన డబ్బులూ పోయాయి.

నవంబర్ 11, సోమవారం. కటక్

నిన్న రాత్రి ఢిల్లీలో దిగి, ఈ పొద్దున భువనేశ్వర్ వచ్చి, కారులో కటక్ చేరాం. ఒకపక్క మహానది, ఇంకోపక్క కాఠజోడి, మధ్యలో ఇరుకు సందుల ఊరు.

సాయంత్రం స్టేషన్‌కి వెళ్లాం. అత్తయ్య ఇచ్ఛాపురం నుంచి ఒక్కర్తే రైల్లో వచ్చింది, 76 ఏళ్ల మనిషి. చేతిలో పలాస జీడిపప్పు డబ్బా. ఆంధ్రకు అదే ఆఖరి ఊరు, పక్కనే ఒడిశా. బజారుకెళ్తే రెండు భాషలూ వినబడతాయి. అత్తయ్యకు చదవడం రాదు కానీ ఒడియా గడగడా మాట్లాడుతుంది. మాకున్న దుబాసీ ఆవిడే.

రాత్రి హోటల్లో నాకు పాఠం చెప్పింది. పాణి అంటే నీళ్లు, భాత అంటే అన్నం, ఆవు టికే అంటే ఇంకొంచెం. "ఘరకు జిబి అంటే నేను ఇంటికెళ్తాను అని. ఘరకు జిబా అంటే మనందరం ఎళ్దుం అని. ఒక్క అచ్చరమే తేడా, సూసుకో అమ్మాయ్." పుస్తకంలో రాసుకున్నాను. మా ఆయనకు చిన్నప్పుడు వచ్చిన ఒడియా అంతా మరిచిపోయాడు. తిట్లు మాత్రం గుర్తున్నాయి.

నవంబర్ 12, మంగళవారం

శిశుగృహం వసారాలో చెప్పులు విప్పి లోపలికెళ్లాం. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. నేను తాగలేకపోయాను. గ్లాసు ఊరికే పట్టుకుని కూర్చున్నాను.

ఒక ఆయా వెనక, ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని వచ్చాడు. నూనె పెట్టి నున్నగా దువ్విన తల, నుదుటి పక్కన కాటుక చుక్క. బయట ఎండ కాస్తున్నా ఎర్ర స్వెటర్ తొడిగారు. మాకోసమనే తొడిగి ఉంటారు. ఫొటోలోకన్నా చిన్నగా ఉన్నాడు. నాలుగో సైజే సరిపోతుంది అనుకున్నాను. ఇన్నేళ్లు ఎదురుచూసిన క్షణంలో నాకొచ్చిన ఆలోచన అదీ.

అక్కడ అందరూ వాణ్ని కునా అంటున్నారు. ఒడిశాలో చిన్న పిల్లల్ని ముద్దుగా పిలిచే మాటట, మన చిన్నా లాగా. అసలు పేరు వేరే ఉంది. ఇక్కడ కునా అనే రాస్తాను.

మార్చిలోనే మా ఫొటోలతో ఒక ఆల్బం పంపాం. మా ఇల్లు, మేం, మంచు కప్పేసిన కారు. దాన్ని తెచ్చి వాడి ముందు పెట్టారు. మా ఆయన్ని చూశాడు, ఫొటో చూశాడు. "బాపా" అన్నాడు, పరీక్షలో జవాబు చెప్పినట్టు. నావైపు చూసి "మౌసీ" అన్నాడు. మౌసీ అంటే పిన్ని. అక్కడ పని చేసే ఆయాలందరూ వాడికి మౌసీలే. వార్డెన్ గారు నొచ్చుకుని, "మౌసీ కాదు, మా" అని దిద్దారు. కునా తనను తెచ్చిన ఆయా వైపు చూశాడు, మళ్లీ నావైపు చూశాడు. "మౌసీ" అన్నాడు.

"ఆడికి తెలిసిన మాటల్లో మంచిదే ఇచ్చినాడు, ఉండనీ" అంది అత్తయ్య.

గంటసేపు ఉన్నాం. బంతి ఇస్తే తీసుకున్నాడు, నన్ను మాత్రం ముట్టుకోనివ్వలేదు. బయటికొచ్చి చూద్దుము కదా, మేం ఎక్కడ పడితే అక్కడ విడిచిన మూడు జతల చెప్పులూ గోడ వారగా వరసలో ఉన్నాయి, ముందు భాగాలు వీధివైపు తిప్పి. మేం మాట్లాడుకుంటుండగా మధ్యలో జారుకుని వాడే సర్దాడట. అది వాడి డ్యూటీ అని ఆయా నవ్వింది. పిల్లలవన్నీ రోజూ వాడే సర్దుతాడట, వాడికి ఎవరూ చెప్పలేదట.

నవంబర్ 13, బుధవారం

పొద్దున మళ్లీ వెళ్లాం, మధ్యాహ్నమంతా ఫైలు. మేజిస్ట్రేట్ ఉత్తర్వు అసలు ప్రతి, దేశాల మధ్య దత్తతల మీద కుదిరిన హేగ్ ఒప్పందం ప్రకారం అంతా సక్రమంగా జరిగిందని కారా ఇచ్చిన పత్రం, టీకాల కార్డు. లెక్కపెడితే 140 పేజీలు పైనే.

ఈ కాగితాల గురించి నేను పది నెలలు విసుక్కున్నాను. నిజానికి నల్లగొండ మనిషికి విసుక్కునే హక్కు లేదు. 1999లో, మళ్లీ 2001లో మా జిల్లా పేపర్లకెక్కింది ఇందుకే. దేవరకొండ వైపు లంబాడా తండాల్లో పుట్టిన ఆడపిల్లల్ని దళారులు కొద్దిపాటి డబ్బులకు కొని, హైదరాబాద్‌లో ఆశ్రమాలకు చేర్చి, తల్లి ఇష్టపడి ఇచ్చేసిందని కాగితం పుట్టించి, విదేశాలకు దత్తత పంపిన బాగోతం. వేలిముద్రలు వేసిన తల్లులకు అందులో ఏముందో తెలీదు. అప్పుడు నేను హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నాను. మెస్సులో ఆ పేపరు చదువుతూ ఇడ్లీ తినడం ఆపేసింది గుర్తుంది. భారతదేశం హేగ్ ఒప్పందంలో చేరింది 2003లో.

అందుకే ఫైల్లో నేను మొదట వెతికింది మా పేర్లు కాదు. వాడు శిశుగృహానికి ఎలా వచ్చాడు, కన్నవాళ్ల కోసం ఏ పేపర్లో ప్రకటన ఇచ్చారు, ఎన్నాళ్లు ఆగారు, దత్తతకు అర్హుడని బాలల సంక్షేమ సమితి ఎప్పుడు చెప్పింది. రెండుసార్లు చదివాను. అందులో ఏముందన్నది కునా సొత్తు, ఇక్కడ రాయను.

నవంబర్ 14, గురువారం

బాలల దినోత్సవం. శిశుగృహంలో రంగు కాగితాల తోరణాలు, కేకు. పిల్లలందరూ వరసగా చాప మీద కూర్చున్నారు. ఆఖరి పళ్లెంలో వడ్డించేదాకా ఎవరూ చెయ్యి పెట్టలేదు.

మూడు గంటలకు రిజిస్టర్‌లో సంతకాలు చేశాం. కునాకి బాటా చెప్పులు కొత్తవి తొడిగాను. వాడి పాతవి వసారాలో వరసలోనే ఉండిపోయాయి. ఆయా వాణ్ని ఎత్తుకుని కారు దాకా వచ్చింది, చెవిలో ఏదో చెప్పింది. వాడు ఏడవలేదు. ఆమే ఏడ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు రాకుండా. మూడేళ్లుగా వాడికి స్నానం చేయించిన చెయ్యి అది. నేను ఆమెకు తెచ్చిన చీర కారులోనే మర్చిపోయి, సందు చివర గుర్తొచ్చి, మా ఆయన్ని పరిగెత్తించాను.

హోటల్లో లిఫ్టు చూసి బెదిరాడు. మూడంతస్తులూ మెట్లెక్కాం. రాత్రి అన్నం, పప్పు పెడితే మా ముగ్గురికీ పళ్లాలు వచ్చేదాకా ఆగాడు. పెద్ద మంచం మధ్యలో పడుకోబెడితే జరిగి జరిగి ఒక అంచుకు పోయాడు. మళ్లీ మధ్యకు లాగాను, మళ్లీ అంచుకే. మిగతా జాగా ఎవరికో వదిలిపెడుతున్నట్టు. అక్కడ చాపకు ముగ్గురు చొప్పున పడుకునేవాళ్లట. నేను కింద దిండ్లు పేర్చి, వాడు దొర్లితే పట్టుకోవడానికి తెల్లారిందాకా కూర్చున్నాను. దొర్లలేదు.

నవంబర్ 15, శుక్రవారం. కార్తీక పౌర్ణమి

తెల్లవారకముందే మహానది గడగడియా ఘాట్‌కి వెళ్లాం. ఇది అత్తయ్య పట్టు. ఏటా కార్తీక పున్నానికి ఏటో చెరువో చూసి దీపం వదలాల్సిందే. అక్కడ చూస్తే ఊరు ఊరంతా నీళ్ల దగ్గరే ఉంది. ప్రతివాళ్ల చేతిలో ఒక బొమ్మ పడవ. కొన్ని అరటి దొప్పవి, కొన్ని బెండువి, కొన్ని రంగు కాగితాలవి. అందులో దీపం, తమలపాకు, వక్క పెట్టి నీళ్లలోకి తోస్తున్నారు. వెనకటికి ఈ తీరం వర్తకులు ఈ రోజునే బాలి, జావా దీవులకు ఓడలెక్కేవారట. వాళ్లను సాగనంపిన గుర్తు ఇది. అదే పేరు మీద ఒడ్డున బాలియాత్ర సంత కూడా ఇవాళే మొదలు. "మన కళింగపట్నం నుంచీ ఎళ్లేవోరంట, ఎళ్లినోళ్లలో తిరిగొచ్చిందెందరో" అంది అత్తయ్య. నా మొహం చూసి అక్కడితో ఆపింది.

కునాకి ఇరవై రూపాయలు పెట్టి ఆకుపచ్చ కాగితం పడవ కొన్నాం. వెలిగించి వాడి చేతే వదిలించాం. అది మెల్లగా జరిగింది, మిగతా పడవల్లో కలిసింది. కాసేపు చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు, దాన్ని ఇమ్మని. రాదు నాన్నా అన్నాను తెలుగులో. ఇంకా ముందుకు వంగాడు. మా ఆయన నడుం పట్టుకున్నాడు.

అప్పుడు మొదలైంది ఏడుపు. నిన్నటి నుంచి దాచిపెట్టిందంతా. ఇంకో పడవ కొనిస్తే విసిరికొట్టాడు. జనం చూస్తున్నారు. ఎవరో ఆవిడ అరటిపండు ఇవ్వబోయింది. పడవ మాట మధ్యలోనే పోయింది, ఒకటే మాట మిగిలింది. "ఘరకు జిబి, ఘరకు జిబి." అత్తయ్య మొదటిసారి నాకు చెప్పబోయి మానుకుంది. పాఠంలో ఉన్నదే కదా. నేను ఇంటికెళ్తాను. ఒక్కణ్నే.

గంటకు పైగా ఏడ్చి అత్తయ్య భుజం మీద నిద్రపోయాడు. ఉపవాసం ఉన్న మనిషి, వాణ్ని దించకుండా ఘాట్ మెట్ల మీదే కూర్చుంది.

నవంబర్ 17, ఆదివారం. ఢిల్లీ

నిన్న ఒక దహిబరా ఆలూదమ్ బండి దగ్గర కునా రెండు ప్లేట్లు లాగించాడు. పెరుగు వడల మీద ఎర్రటి ఆలూ కూర, మేం కన్నీళ్లు పెట్టుకుంటే వాడు "ఆవు టికే" అన్నాడు. ఇవాళ పొద్దున అత్తయ్యను రైలెక్కించి మేం విమానం ఎక్కాం. దుబాసీ వెళ్లిపోయింది. ఢిల్లీలో దిగుతుంటే కిటికీలోంచి ఏమీ కనబడలేదు. మబ్బు కాదు, పొగ.

నవంబర్ 18, సోమవారం

ఇవాళ ఢిల్లీ గాలి సూచీ 490 దాటింది. బడులు మూసి ఆన్‌లైన్ క్లాసులు పెట్టారు. సూర్యుడు ఎండిన నారింజలా ఉన్నాడు. పిల్లాడికి మాస్కు పెడితే పీకేస్తాడేమో అనుకున్నాం. ఎలాస్టిక్ చెవులకు వాడే సర్దుకున్నాడు.

రాయబార కార్యాలయం వాళ్ల జాబితాలో ఉన్న డాక్టరు దగ్గరే వీసా పరీక్ష చేయించాలి. రెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు క్షయ కోసం రక్తపరీక్ష ఉంటుంది. మిగిలిన టీకాలు అమెరికా చేరాక వేయిస్తామని రాసిచ్చాం. సూది చూడగానే కునా స్వెటర్ చెయ్యి పైకి లాగి తనే చాపాడు. ఏడవలేదు, మొహం తిప్పుకోలేదు. నర్సు "గుడ్ బాయ్" అంది. నేను బయటికెళ్లి నీళ్లు తాగొచ్చాను.

నవంబర్ 19, 20

హోటల్ గది. లిఫ్టు భయం పోయింది, ఇప్పుడు దిగనంటాడు. రోజుకు నాలుగుసార్లు అత్తయ్యకు వీడియో కాల్. ఫోన్ వాడి మొహానికి చూపిస్తే వాడు చెప్తాడు, ఆవిడ మాకు చెప్తుంది. ఒకసారి చాలాసేపు ఏదో చెప్పాడు. ఏమంటున్నాడు అత్తయ్యా అంటే, "నీకు బువ్వ ఒండడం రాదంట, ఓటలోడు పంపుతున్నాడంట" అంది.

నవంబర్ 21, గురువారం

చాణక్యపురి, అమెరికా రాయబార కార్యాలయం. వెయిటింగ్ హాల్లో దత్తత కేసులు రెండే, మేమూ, రెండేళ్ల పాపతో ఇంకో జంటా. 2004లో అన్ని దేశాల నుంచీ కలిపి దాదాపు 23 వేల మంది పిల్లలు దత్తత మీద అమెరికా వెళ్లారు. 2023లో ఆ లెక్క 1,300 లోపే. ఈ సెప్టెంబరులో చైనా కూడా తలుపులు మూసేసింది.

ఇంటర్వ్యూ పది నిమిషాలు. కుడిచెయ్యెత్తి నిజమే చెబుతామని ప్రమాణం చేయమన్నారు. కునా కూడా ఎత్తాడు. రేపు, దత్తత పిల్లలకిచ్చే ఐహెచ్-3 వీసా వేసి ఇస్తామన్నారు.

నవంబర్ 23, శనివారం రాత్రి. ఢిల్లీ విమానాశ్రయం

ఇమ్మిగ్రేషన్ కౌంటర్‌లో మూడు పాస్‌పోర్టులు పెట్టాను. రెండు నీలం, ఒకటి ముదురు నీలం. పెద్దవాళ్లవి అమెరికావి, పిల్లాడిది ఇండియాది. అధికారి మావంక చూసి, కౌంటర్ మీదుగా వంగి, కునాని హిందీలో అడిగాడు. "బేటా, ఈవిడెవరు?"

నా గుండె జారిపోయింది. వాడు నన్ను చూశాడు. స్పష్టంగా, అందరికీ వినబడేలా చెప్పాడు. "మౌసీ."

అధికారి కలం కింద పెట్టాడు. మా ఆయన గబగబా ఫైలు విప్పుతుంటే కాగితాలు నేల మీద పడ్డాయి. ఉత్తర్వు, కారా పత్రం, జనన ధ్రువపత్రం. నేను ఏరుతుంటే కునా కూడా కూర్చుని ఏరి, అంచులు కలిపి, సర్ది ఇచ్చాడు. అధికారి ఒక్కొక్కటే చదివాడు. పావుగంట పట్టిందేమో. వెనక లైను గొణుగుతోంది. నాకు మాత్రం కోపం రాలేదు. దేవరకొండ పాపలు దాటినప్పుడు ఈ కుర్చీలో ఎవరూ ఇంత నెమ్మదిగా చదివి ఉండరు.

స్టాంపు వేసి, "నేర్చుకుంటాడులెండి" అన్నాడు హిందీలో.

నవంబర్ 24, ఆదివారం

అర్ధరాత్రి దాటాక ఎక్కి, పదహారు గంటలు ఎగిరి, అదే తారీఖు పొద్దున నెవార్క్‌లో దిగాం. ఎనిమిది గంటలు పడుకున్నాడు, సీటు అంచున. మెలకువ వచ్చాక కిటికీ చూపించి "ఎయిటా కణ?" అన్నాడు. మేఘం అన్నాను. ఒడియాలోనూ అదే మాటని వాడి మొహం చూశాక తెలిసింది.

ఐహెచ్-3 వీసా మీద వచ్చిన పిల్లలకు ఇమ్మిగ్రేషన్ గీత దాటిన క్షణం నుంచే అమెరికా పౌరసత్వం. 2000లో చేసిన చట్టం. గీత దాటేటప్పుడు వాడు మా ఆయన భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

నవంబర్ 27, బుధవారం. ఎడిసన్

సోషల్ వర్కర్ ఫోన్ చేసింది. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి, మొత్తం ఆరు నివేదికలు కటక్ దాకా వెళ్తాయి. వాటిలో ఫొటోలు కూడా ఉంటాయంది. ఆయాకు చూపిస్తారా అని అడిగాను. రూలు లేదు, అడిగి చూద్దామంది.

సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడింది. నేను వంటింట్లో పప్పు తాలింపు పెడుతున్నాను, ఈ మాటు ఓటలోడు కాదు. హాల్లో చప్పుడు లేదు. వెళ్లి చూస్తే కునా తలుపు దగ్గర ఉన్నాడు. షూ రాక్‌లోంచి మా ఆయన బూట్లు, నావి, తనవి తీసి వరసలో పెట్టాడు. ముందు భాగాలు వీధివైపు. విమానంలో తెచ్చిన చిన్న పెట్టె కూడా ఈడ్చుకొచ్చాడు.

నా వేలు పట్టుకున్నాడు. "ఘరకు జిబా" అన్నాడు.

సరిగ్గా విన్నానా అని మళ్లీ అడిగించాను. జిబానే.

స్టవ్ కట్టేశాను. వాడికి కోటు తొడిగి, టోపీ పెట్టి, మా ఆయన్ని పిలిచాను. పెట్టె వాడే లాగుతానన్నాడు. ముగ్గురం వీధిలోకి నడిచాం.